వెడల్పు వీపు, పల్లపు మూపు: మా పెన్నీకి కుదిరిన వెస్టర్న్ జీను

మా గుర్రం పెన్నీ వీపు మీద అయిదు జీనులు వేసి తీసిన తరువాత ఆరవది కుదిరింది. టెక్సాస్‌లోని పైలట్ పాయింట్ పరిసరాలలో ఒక్కరే పని చేసుకునే జీనుల పనివారు ఒకరు కొలతలు తీసుకుని కట్టి ఇచ్చిన జీను అది. ఏడాదికి పైగా వారానికి మూడు నాలుగు సార్లు వాడి చూశాకే ఈ సమీక్ష రాస్తున్నాను. చేతి నిండా పని ఉన్నదని, కొత్తవారు వరుస కడితే మాట నిలబెట్టుకోలేనని చెప్పి, తన పేరు బయట పెట్టవద్దని ఆయన కోరారు. అందువల్ల పేరు రాయడం లేదు కాని, ఆయన పని తీరును వివరంగా చెబుతాను. అలాంటి తీరున్న మనిషి మీ ప్రాంతంలో దొరికితే వదులుకోవద్దు.

ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా ఊళ్ళలో తెలుగు కుటుంబాలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో, అక్కడి నుంచి కొంత ఉత్తరానికి వెళితే ఆబ్రీ, పైలట్ పాయింట్ చుట్టూ గుర్రపు శాలలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. మా అమ్మాయి పదకొండో ఏట అక్కడే స్వారీ నేర్చుకున్నది. 2022 వసంతంలో మేము పెన్నీని కొన్నాము. అది క్వార్టర్ హార్స్ జాతి ఆడ గుర్రం, ఎత్తు 14.2 హ్యాండ్లు. హ్యాండ్ అంటే 4 అంగుళాలు, ఇంచుమించు మన బెత్తెడు లాంటి కొలత. 14.2 అంటే పద్నాలుగు హ్యాండ్ల మీద రెండు అంగుళాలు, మొత్తం 58 అంగుళాలు.

గుర్రానికి మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఎముకల వరుస ఎత్తుగా లేస్తుంది. దానినే మూపు అంటాము. జీను పక్కకు జారకుండా ఆపేది ఆ ఎత్తే. పెన్నీకి ఆ ఎత్తు దాదాపు లేదు. పై నుంచి చూస్తే వీపు బల్లలా చదునుగా, పక్కటెముకలు పీపాలా గుండ్రంగా ఉంటాయి. వీపు పొట్టిది, పక్క నుంచి చూస్తే పెద్దగా వంపు లేనిది. పిరుదులు భుజాల కంటే కొంచెం ఎత్తు, కనుక వేసిన జీను ముందుకు జారి భుజాల మీదికి ఎక్కుతుంది. ఇందులో ఏదో ఒక లక్షణం ఉన్న గుర్రాలు చాలానే ఉంటాయి కాని, అన్నీ ఒక్కచోట చేరినప్పుడు దుకాణంలో వరుసగా పేర్చి ఉన్న జీనులలో సరిపోయేది ఒక్కటీ కనిపించదు.

వెస్టర్న్ జీను, అంటే కౌబాయ్‌ల తరహా జీను, లోపల ట్రీ అనే చట్రం ఉంటుంది. అందులో వెన్నుకు చెరొక వైపున ఆనే రెండు పొడవాటి పలకలను బార్లు అంటారు. రౌతు బరువును వీపు మీద పంచేవి ఇవే. ఇంగ్లీష్ జీనులో లాగా ఉన్ని మెత్తలు తీసి నింపి సర్దుకునే వీలు ఇక్కడ లేదు. ట్రీ ఆకారం తప్పితే జీను మొత్తం తప్పినట్లే. దుకాణాలలో సెమీ క్వార్టర్ హార్స్ బార్లు, ఫుల్ క్వార్టర్ హార్స్ బార్లు అని రాసి అమ్ముతారు. ముందు వైపు బార్ల మధ్య ఖాళీని గల్లెట్ అంటారు, మొదటి రకానికి అది సుమారు ఆరున్నర అంగుళాలు, రెండవదానికి 7 అంగుళాలు అని చెబుతారు. అయితే ఈ పేర్లకు అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. యోకమ్ పట్టణంలోని సర్కిల్ వై సంస్థ తన ఫ్లెక్స్2 జీనులకు రెగ్యులర్, వైడ్, ఎక్స్‌ట్రా వైడ్ అనే పేర్లు వాడుతుంది. ఒక తయారీదారు ఫుల్ బార్లు మరొకరి సెమీ బార్లంత ఇరుకుగా ఉండటం మేము మా చేతులతోనే చూశాము. ఒక్కో దర్జీ ముప్ఫై ఎనిమిది ఒక్కో తీరుగా ఉండటం రవికెలు కుట్టించుకునే వారందరికీ తెలిసిన విషయమే.

మొదటి అయిదు జీనుల కథ క్లుప్తంగా చెబుతాను. మొదటిది గుర్రంతో పాటు వచ్చిన పాత జీను. రెండవది 1,900 డాలర్లకు కొన్న కొత్తది, ఇరుకై ముందు వైపు పైకి లేచి కూర్చునేది. మూడవది దానికి విరుగుడుగా ఎంచుకున్న మరీ వెడల్పైనది, సరాసరి వెన్ను మీదికి దిగింది. నాలుగవది 750 డాలర్లకు కొన్న వాడిన జీను. అయిదవదానిని ఇంటర్నెట్‌లో ఏడు రోజుల పరీక్ష మీద తెప్పించాము. కింద దుప్పటి పరచి, రికాబు పట్టీలు మడత పడకుండా ఎంత జాగ్రత్తగా వేసి చూసినా, వెనక్కి పంపాక తోలు మీద గీత ఉన్నదని చెప్పి డబ్బు కొంత పట్టుకున్నారు. రవాణా ఖర్చు కూడా మాదే అయింది. మూపు లేని గుర్రానికి జీను పక్కకు తిరుగుతుందని భయపడి ప్రతిసారీ సించ్, అంటే పొట్ట కింది పటకా, బిగించి లాగేవాళ్ళం. అది చాలదన్నట్లు జీను కింద మందపాటి మెత్త ఒకటి వేసేవాళ్ళం. ఇరుకు జీను కింద మెత్త మందం పెంచితే ఇరుకు ఇంకా పెరుగుతుందని మాకు అప్పట్లో తోచలేదు.

పెన్నీ మాత్రం మొదటి నుంచీ చెబుతూనే ఉన్నది. జీను తెస్తుంటే చెవులు వెనక్కి వాల్చేది, సించ్ బిగిస్తుంటే గాలిలో పళ్ళు కొరికేది, వాలు దిగేటప్పుడు అడుగులు కురచగా వేసేది. గోధుమ ఎరుపు రంగు వీపు మీద మూపుకు రెండు వైపులా పావలా బిళ్ళంత తెల్ల వెంట్రుకల మచ్చలు కనిపించాయి. ఒత్తిడి వల్ల వెంట్రుక మూలంలో రంగునిచ్చే కణాలు దెబ్బ తింటే అక్కడ మళ్ళీ మొలిచేవి తెల్లవే. చెప్పు కరిస్తే మనిషి విడిచి చేత పట్టుకుంటాడు. జీను కరిస్తే గుర్రం విడిచే వీలు లేదు. పశువైద్యులు కాళ్ళు, పళ్ళు, కడుపు పరీక్షించి వేరే జబ్బు లేదన్న తరువాత జీనే కారణమని మాకు నమ్మకం కుదిరింది. ఈ పరీక్షలు ముందు చేయించకుండా జీనును తప్పు పట్టడం సరి కాదు.

2024 ఫిబ్రవరిలో ఈ పనివారి దగ్గరికి వెళ్ళాము. దర్జీకి ఆది రవికె ఇచ్చినట్లు, ఉన్నవాటిలో కాస్త నయమైన నాలుగవ జీనును తీసుకెళ్ళాము. ఆయన దానిని ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టి, “కరిచే జీనుకు కొలత తీసుకుని ఏం చేస్తాను? గుర్రాన్ని తీసుకురండి” అన్నారు. మరుసటి శనివారం ట్రైలర్‌లో పెన్నీని తీసుకెళ్ళాము.

ఆ రెండు గంటల పని కోసమే ఈ సేవకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. గుర్రాన్ని చదునైన సిమెంటు నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టించారు. వేళ్ళతో భుజపు రెక్క ఎముక వెనుక అంచును వెతికి సుద్దతో గీత గీశారు, ఆ పైన ముందరి కాలిని పట్టుకుని మెల్లగా ముందుకు సాచారు. ఎముక పై అంచు వెనక్కి జరిగి ఆ గీతను దాటి పోయింది. నడుస్తున్న గుర్రంలో అది ప్రతి అడుగుకూ అలాగే వెనక్కి వస్తుందని, బార్ కొన దానికి అడ్డు పడకూడదని చెప్పారు. తరువాత చివరి పక్కటెముకను కింద నుంచి పైకి తడుముతూ వెన్ను దాకా వెళ్ళి అక్కడ రెండవ గీత గీశారు. గుర్రానికి పద్దెనిమిది జతల పక్కటెముకలు. చివరి జత దాటిన చోట వెన్నుకు పక్కటెముకల ఆసరా ఉండదు కనుక బరువు ఆ గీతకు లోపలే ఆగాలి. పెన్నీ వీపు మీద ఆ రెండు గీతల మధ్య దూరం చూసి మా అమ్మాయి తెల్లబోయింది. మేము వాడిన జీనులలో మూడు ఆ హద్దు దాటి వెనక్కి పోయేవే.

ఆ తరువాత వంచితే వంగి ఆ ఆకారంలోనే నిలిచే కొలత బద్దతో వీపుకు అడ్డంగా మూడు చోట్ల, నిలువునా ఒక చోట వంపు తీసుకుని కాగితం మీద గీసుకున్నారు. చివరికి గోడకు వేలాడుతున్న ఉత్త ట్రీలను, అంటే తోలు, ఉన్ని ఏమీ లేని చట్రాలను, ఒక్కొక్కటిగా తెచ్చి నేరుగా వీపు మీద పెట్టి చూపించారు. తోలు జీనులో కంటికి కనిపించని తప్పు ఉత్త చట్రంలో ఇట్టే బయటపడుతుంది. 7 అంగుళాల గల్లెట్ ఉన్న మొదటి ట్రీ కొలత ప్రకారం సరిపోవాలి, కాని బార్ల వాలు నిటారుగా ఉండటంతో కింది అంచులు మాత్రమే చర్మానికి ఆనుతున్నాయి. పై అంచు కింద నా నాలుగు వేళ్ళు దూరాయి. రెండవదానికి వాలు సరిపోయింది కాని బార్లలో ముందు నుంచి వెనక్కి వంపు ఎక్కువ, వంపు లేని పెన్నీ వీపు మీద అది ఉయ్యాలలా ఊగింది. మూడవదానికి గల్లెట్ మొదటిదానంతే, వాలు బాగా చదును, వంపు తక్కువ. దాని కింద చేయి పెట్టి ముందు నుంచి వెనక్కి జరిపితే అంతటా ఒకే ఒత్తిడి తగిలింది. రెండేళ్ళుగా మేము వెడల్పు కోసం వెతుకుతున్నాము. వెతకవలసినవి వాలు, వంపు అని ఆ నిమిషంలో అర్థమైంది.

జీను ఆ ఏడాది నవంబరులో చేతికి వచ్చింది. చెక్క ట్రీకి పచ్చి తోలు తడిగా కుట్టి ఆరబెట్టినది. పై తోలు 1881 నుంచి సెయింట్ లూయిస్‌లో ఉన్న హెర్మన్ ఓక్ సంస్థది. అడుగున కృత్రిమ ఉన్ని కాకుండా అసలైన గొర్రె ఉన్ని. పొట్టి వీపు కనుక జీను అంచులను చతురస్రంగా కాకుండా గుండ్రంగా కోశారు, లేకపోతే మూలలు తుంటికి తగులుతాయి. సించ్ కట్టే ఉంగరాలను బాగా ముందుకు కాకుండా కాస్త వెనక్కి అమర్చడం వల్ల పటకా మోచేతిని రాపిడి చేయకుండా సహజంగా పడుతోంది. ఇప్పుడు సించ్ కింద రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టినా, రాయి మీద నిలబడి ఎక్కితే జీను తిరగడం లేదు.

లోపాలు లేకపోలేదు. ధర 5,200 డాలర్లు, అందులో సగం ముందే కట్టాలి, వాపసు లేదు. తొమ్మిది నెలలు ఎదురు చూశాము, ఆ తొమ్మిది నెలలూ అమ్మాయి స్వారీ మానుకుని పెన్నీని పగ్గం పట్టి నడిపించింది. బరువు 33 పౌండ్లు. ఎత్తి వీపు మీదికి వేయడం పదమూడేళ్ళ పిల్లకు సులభం కాదు. బరువు విషయంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. 2008లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎనిమిది గుర్రాల మీద జరిగిన పరిశోధనలో, మోసే బరువు గుర్రం బరువులో 25, 30 శాతానికి చేరినప్పుడు కండరాల నొప్పి స్పష్టంగా పెరిగింది. పెన్నీ 1,000 పౌండ్లు ఉంటుంది. మా అమ్మాయి, జీను కలిసినా ఆ హద్దుకు చాలా దూరంలోనే ఉన్నారు. నేను ఎక్కితే మాత్రం ఆ 33 పౌండ్లను లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది. అందుకే ఎక్కడం తగ్గించాను.

రికాబు పట్టీలను ముందుగా తిప్పి ఇవ్వలేదన్నది నా అసలు ఫిర్యాదు. కొత్త తోలు బిగువుకు రికాబులు గుర్రం పక్కకు చదునుగా అతుక్కుని, వాటిని కాలితో తిప్పి పట్టుకోలేక మొదటి రెండు వారాలు అమ్మాయి మోకాళ్ళు నొప్పి పుట్టాయి. చెప్పిన తరువాత, పట్టీలను తడిపి, రికాబులను ముందుకు తిప్పి, రెండింటిలోంచి చీపురు కర్ర దూర్చి ఆరిందాకా ఉంచమన్నారు. నాలుగు రోజులలో తిరిగాయి. ఇంత ధర పెట్టినప్పుడు ఆ పని ఆయన దుకాణంలోనే జరిగి ఉండాలి.

మొదట్లో మమ్మల్ని కలవరపెట్టినది ఇంకొకటి ఉన్నది. జీను ముందు భాగం కొంచెం వదులుగా ఉన్నది. ఆయన అది తెలిసే చేశారు. ఇరుకు జీనుల కింద పెన్నీ మూపు వెనుక కండ కరిగి రెండు వైపులా గుంటలు పడ్డాయి; ఆ గుంటలకు సరిపడా కడితే, కండ తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ ఇరుకవుతుంది. అందుకని పూడిన వీపుకు తగినట్లు కట్టి, అప్పటికి ఖాళీ నింపడానికి మెత్తలో ఉన్ని ఫెల్టు ముక్కలు రెండు అమర్చారు. మాకు ముందే ఈ మాట చెప్పి ఉంటే మొదటి వారం నిద్ర పట్టేది. ఆరు నెలలకు డబ్బు తీసుకోకుండా మళ్ళీ కొలిచి ఆ ముక్కలను సగం పలుచన చేశారు, అక్టోబరులో పూర్తిగా తీసేశారు. పక్క గుర్రపు శాలలో పొడవాటి వీపు, ఎత్తైన మూపు ఉన్న గుర్రం యజమాని ఒకాయన మా జీను అరువు అడిగారు. ఇది ఇంకో గుర్రానికి పనికి వచ్చే జీను కాదని చెప్పి పంపాను. మామూలు వీపున్న గుర్రానికి ఇంత ఖర్చు అవసరం లేదు. దుకాణంలో నాలుగు జీనులు వేసి చూస్తే ఒకటి దొరుకుతుంది.

మొన్న ఆదివారం రే రాబర్ట్స్ చెరువు కింది గ్రీన్‌బెల్ట్ దారిలో రెండు గంటలు తిరిగి వచ్చి జీను విప్పాము. వీపు మీద చెమట రెండు వైపులా ఒకే తీరుగా, మధ్యలో పొడి మచ్చ లేకుండా పరచుకుని ఉన్నది. అమ్మాయి వెన్నుకు ఇరువైపులా వేళ్ళతో నొక్కుతూ పోయింది. పెన్నీ కదలలేదు, తల వాల్చి గడ్డి నములుతూ నిలబడింది. మూపు దగ్గరి తెల్ల వెంట్రుకలు అలాగే ఉన్నాయి, వాటి చుట్టూ కొత్తవి రాలేదు.