డీబీలో వైరు అందకపోతే ఏది మేలు: జాయింటా, కొత్త వైరా?

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద చూశాక లంక ఊళ్లలో డీబీని, అంటే ఇంటి సర్క్యూట్లన్నీ కలిసే డిస్ట్రిబ్యూషన్ బాక్సును, రెండు మూడు అడుగులు పైకి జరపాలనుకోవడం మంచి ఆలోచనే. శ్లాబులోంచి దిగే వైర్లతో ఇబ్బంది లేదు, మిగిలింది కోసేస్తే సరిపోతుంది. కింది నుంచి వచ్చే మోటారు వైరు, మీటరు నుంచి వచ్చే మెయిన్ మాత్రం అందవు. అక్కడే ఎలక్ట్రీషియన్ “జాయింటు వేసేద్దామండీ” అంటాడు.

డీబీలో జాయింటే ఉండకూడదని కొందరు అంటారు. అది నిజం కాదు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లోని 312.8 దాన్ని అనుమతిస్తుంది. అయితే వైర్లు పోయే ఖాళీని ఎక్కడ అడ్డంగా కోసి చూసినా, అందులో వైర్లు 40 శాతం, జాయింట్లతో కలిపి 75 శాతం మించి నిండకూడదు. ఇళ్ల వైరింగుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 732 ప్రకారం చూసినా జాయింటు తనిఖీకి అందేచోట ఉండాలి. అంటే గోడలో పూడ్చేసిన పైపులో వేసే జాయింటు కంటే డీబీలో వేసిందే నయం. అసలు తేడా అంతా ఎలా వేశారన్న దాంట్లోనే ఉంది.

మెలిపెట్టి టేపు చుట్టడం మన దగ్గర వద్దే వద్దు. వేడికి టేపు జిగురు కారిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి రాగికి చిలుము పడుతుంది, పట్టు వదులవుతుంది. 3 కిలోవాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింటులో 0.1 ఓమ్ నిరోధం చేరినా 17 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను డబ్బాలో పెట్టి మూసినట్టే. కరెంటు పరిమితి దాటలేదు కాబట్టి ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపే స్విచ్) పడదు, లీకేజీ లేదు కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) కూడా పడదు. అందుకే నాకు దీనంటే భయం.

వాగో కంపెనీది లాంటి లీవరు కనెక్టర్, అంటే చిన్న మీట నొక్కితే వైరును పట్టేసే క్లిప్పు, చాలా మెరుగు. మన మల్టీస్ట్రాండ్ (సన్న తీగల) వైరును బాగా పట్టుకుంటుంది, విప్పి చూసుకోవచ్చు. మామూలుగా దొరికే కనెక్టర్ 4 స్క్వేర్ ఎంఎం వైరు వరకు, 32 ఆంపియర్ల వరకు సరిపోతుంది. లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్లకు నేను దీన్నే ఎంచుకుంటాను. కానీ ఇది గాలి చొరబడని డబ్బా కాదు.

తీరం దగ్గరైతే రెండు వైర్ల కొనలకూ రాగి స్లీవు (చిన్న గొట్టం) పెట్టి, సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే తొడుగు) తొడిగించండి. తేమ లోపలికి పోదు. కటింగ్ ప్లేయరుతో నొక్కితే మాత్రం అది క్రింపింగ్ కాదు, ఒప్పుకోవద్దు.

ఏ పద్ధతిలోనైనా కలిపే ముక్క పాత వైరు సైజుకు తగ్గకూడదు. 2.5 వైరుకు 1.5 ముక్క తగిలించి 20 ఆంపియర్ల ఎంసీబీ అలాగే ఉంచితే, కాలేది ఆ ముక్కే.

మెయిన్, ఏసీ, గీజరు, మోటారు వైర్లకైతే ఖర్చయినా కొత్త వైరు లాగించడమే మేలు. మెయిన్ న్యూట్రల్ విషయంలో అసలు రాజీ పడొద్దు. త్రీఫేజు ఇంట్లో అది ఊడితే 230 వోల్టుల ఫ్రిజ్జు, టీవీల మీదికి 400 దాకా రావచ్చు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం అయితే దాన్ని రాగితో నేరుగా మెలిపెట్టకూడదు, రెండు లోహాలనూ కలిపే బైమెటాలిక్ లగ్గు కావాలి.

పని లైసెన్సున్న మనిషితోనే చేయించండి. డీబీలో మెయిన్ స్విచ్ ఆపినా దాని పైటెర్మినల్‌లో కరెంటు ఉంటుంది, మీటరు దగ్గర కటౌటు (ఫ్యూజు) తీయించాలి. ఇన్వర్టరుంటే దాన్నీ ఆపి, న్యూట్రల్‌తో సహా ప్రతి వైరునూ టెస్టరుతో చూశాకే చెయ్యి పెట్టనివ్వండి.