నజ్‌లాక్ రూల్స్‌తో ఎమరాల్డ్: సూరిబాబు ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది

పోకెమాన్ గేములని కష్టం చేసుకుని ఆడే నజ్‌లాక్ రూల్సు మళ్లీ చెప్పను. ఇది చదివేవాళ్లకి మూర్ఛపోయిన పోకెమాన్ చచ్చినట్టే లెక్కని, ఒక్కో ఏరియాలో మొదట ఎదురైనదాన్నే పట్టాలని తెలిసే ఉంటుంది. 2010లో ఒకాయన పోకెమాన్ రూబీ ఆడుతూ కామిక్ గీసుకుంటే పుట్టిన రూల్సివి. నేను పాత డీఎస్ లైట్‌లో, అంటే నింటెండో వాళ్ల చేతి గేమ్ మెషీన్లో, పోకెమాన్ ఎమరాల్డ్ క్యాట్రిడ్జ్ పెట్టి, మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లే ఆఫీసు క్యాబ్‌లో ఆడతాను. సిల్క్ బోర్డ్ దగ్గర బండి ఆగితే ఒక జిమ్, అంటే గేమ్‌లో ఒక ఊరి లీడర్‌తో పోటీ, పూర్తయ్యేంత టైము దొరుకుతుంది.

చావు రూల్ గురించి అందరూ గొప్పగా చెప్తారు. నాకు మాత్రం అసలు మజా ‘మొదట ఎదురైనదే’ రూల్‌లో ఉంది.

గేమ్ మొదట్లో వచ్చే రూట్ 102లో రాల్ట్స్ అనే పోకెమాన్ వస్తుందేమోనని నా ఆశ. వచ్చేది నూటికి నాలుగుసార్లే. వచ్చింది వర్మ్‌పుల్, అంటే గొంగళిపురుగు. అది లెవెల్ 7లో రూపం మారి సిల్కూన్ అవుతుందా కాస్కూన్ అవుతుందా అన్నది మన చేతిలో ఉండదు, లోపల దాచిన నంబరు తేలుస్తుంది. నాది కాస్కూన్ అయింది, తర్వాత డస్టాక్స్ అయింది. మామూలుగా ఆడితే ఆ చిమ్మట, వాడనివాటిని దాచే బాక్సులోంచి బయటికే రాదు. పేరు పెట్టాలన్నది కూడా రూలే కదా. నేను సింహాచలం అందామనుకున్నాను. ఇంగ్లీషులో అది పదకొండు అక్షరాలు, గేమ్ పదే ఇస్తుంది. పీజీలో నా రూమ్మేట్, తునివాడు, “సూరిబాబు అని పెట్టరా, మీసాలు కూడా ఉన్నాయి” అన్నాడు.

డ్యూఫర్డ్ జిమ్‌లో లీడర్ బ్రాలీ ముందు ఈ సూరిబాబు చేసిన పని ఇప్పటికీ మర్చిపోలేను. వీడిలో బగ్, పాయిజన్ రెండు రకాలూ కలిశాయి కాబట్టి బ్రాలీ వాడే ఫైటింగ్ రకం దెబ్బ పావు వంతే తగులుతుంది. అతని మాచాప్ వేసే సైస్మిక్ టాస్ ఒక్కటే దాని లెవెల్ లెక్కన కచ్చితంగా కోస్తుంది. మెడిటైట్ ఫోకస్ పంచ్‌కి ఊపిరి బిగబట్టి ఉండగా మనవాడు గస్ట్ అనే గాలి దెబ్బ తగిలించాడంటే ఆ పంచ్ ఇక పడదు. చివర్లో లెవెల్ 19 మకుహిటా కండలు పెంచుకుంటూ పెంచుకుంటూ మనవాడి కాన్ఫ్యూజన్ దెబ్బకి పడిపోయింది. అంత పనికిరాదనుకున్నవాడు ఒంటిచేత్తో జిమ్ గెలిపించాడు. పక్క సీట్లో టీమ్ లీడ్ ఉన్నాడని గుర్తురాక “శభాష్ రా!” అని గట్టిగానే అనేశాను.

తర్వాతి జిమ్ మావిల్‌లో లీడర్ వాట్సన్ మొదట దింపేది లెవెల్ 20 వోల్టోర్బ్. దాని దగ్గర తననే పేల్చుకునే సెల్ఫ్‌డిస్ట్రక్ట్ ఉంది. ఎమరాల్డ్ తరం గేముల్లో ఆ పేలుడు ఎదుటివాడి డిఫెన్స్‌ని సగం చేసి కొడుతుంది. వెనకాల వచ్చే అతని మాగ్నెటాన్ కోసం నా నిప్పు పోకెమాన్ కంబస్కెన్ క్షేమంగా ఉండాలి కాబట్టి ముందు సూరిబాబునే దింపాను, వాడికి దెబ్బని ఆపే ప్రొటెక్ట్ వచ్చు. వరసగా రెండోసారి వాడితే అది సగానికి సగం విఫలమవుతుంది, అందుకని ఒక టర్న్ ప్రొటెక్ట్, ఒక టర్న్ కాన్ఫ్యూజన్. మధ్యలో పేలినా నిండు హెచ్‌పీతో, అంటే నిండు ప్రాణంతో, తట్టుకుంటాడని లెక్క వేసుకునే దిగాను. మొదటి టర్న్‌లో స్పార్క్ వేసింది, ప్రొటెక్ట్ ఆపేసింది. రెండో టర్న్‌లో పేలింది, అదీ క్రిటికల్ హిట్‌గా. పదహారింట ఒకసారి వచ్చేది, వస్తే దెబ్బ రెట్టింపు.

ఆ ఆట ఆదివారం రూమ్‌లో నడిచింది. నేను ఇంటికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి ఉన్నాను. రూమ్మేట్ స్క్రీన్ చూసి, “అయ్యయ్యో, సూరిబాబు పోయాడు!” అని అరిచాడు. అవతల అమ్మ గొంతు మారిపోయింది. “ఏ సూరిబాబురా? రైసుమిల్లు సూరిబాబా? మొన్నే కదరా పెళ్లిలో కనిపించాడు!” ఆవిడకి సర్దిచెప్పేసరికి తాతలు దిగొచ్చారు. అప్పటినుంచి ఊళ్లో ఉన్న పేర్లేవీ పెట్టడం లేదు.

ఇంతకీ, ‘మొదట ఎదురైనదే’ రూల్‌ని పైన తెగ పొగిడాను కానీ, ఎమరాల్డ్ మళ్లీ మళ్లీ ఆడాక ఆ మజా పలచబడింది. రస్టర్ఫ్ టన్నెల్‌లో విస్మర్ అనే పోకెమాన్ తప్ప ఇంకేదీ రాదని ఇప్పుడు తెలుసు. పైగా ‘ఉన్నదే మళ్లీ వస్తే లెక్కలోకి రాదు’ అనే సడలింపు పెట్టుకుంటే, ఏ రూట్లోకి ముందు వెళ్లాలో ప్లాన్ చేసి కావలసినదాన్నే రప్పించుకోవచ్చు. అదృష్టం కాస్తా టైంటేబుల్ అయిపోతుంది. తెలియని గేమ్‌లో అయితే ఈ రూల్‌కి ఇప్పటికీ నా ఓటే.

ఇక లెవెల్ క్యాప్, అంటే తర్వాతి జిమ్ లీడర్ పెద్ద పోకెమాన్ లెవెల్ దాటకూడదనే రూల్, అంటే నాకు ఒళ్లు మంట. ఒక్కడు పోతే కొత్తవాణ్ని ఆ లెవెల్‌కి తేవడానికి గడ్డిలో గంటల తరబడి తిరగాలి. కంప్యూటర్లో గేమ్ నడిపే ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్లు చీట్లతో లెవెల్ పెంచే రేర్ క్యాండీలు కొట్టుకుని దాటేస్తారు, అసలు క్యాట్రిడ్జ్‌లో ఆ సుఖం లేదు. నా దాంట్లో లోపలి బ్యాటరీ కూడా ఎండిపోయింది. సేవ్ అవుతుంది గానీ బెర్రీలు పెరగవు.

మీరూ ఇలా ఆడాలా అంటే ఏమో. నాకు పిల్లల్లేరు, రోజూ క్యాబ్‌లో ఖాళీగా కూర్చునే టైముంది, అందుకే సాగుతోంది. ఇంటినుంచే పనిచేసే రోజుల్లో వారం తిరక్కుండా వదిలేశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లెవెల్ క్యాప్ జోలికి పోకండి, మిగతావి ఉంచుకోండి. 2022 నాటి స్కార్లెట్, వయొలెట్‌లో ఆడాలనుకుంటే మాత్రం ఒకటి చూసుకోండి: మధ్యలో పోకెమాన్ మార్చమని అడక్కుండా ఆపే సెట్ మోడ్ ఆప్షనే తీసేశారు, ఎదుటివాడు పోకెమాన్ మార్చేటప్పుడు ‘నువ్వూ మారుస్తావా’ అని అడిగిన ప్రతిసారీ మనమే వద్దని నొక్కాలి.