మతిమరుపుకు సీటీ మేలా, ఎంఆర్ఐ మేలా? చూడాల్సింది సన్న రక్తనాళాలనైతే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంట్లో పెద్దవాళ్లకు మతిమరుపు ముదిరితే జరిగే తర్జనభర్జన ఇదే: సీటీ స్కాన్‌తో సరిపెట్టాలా, బరంపురమో శ్రీకాకుళమో తీసుకెళ్లి ఎంఆర్ఐ తీయించాలా?

మార్పు గంటల్లో వచ్చిందంటే సీటీయే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, కిందపడ్డాక మగత కమ్మినా ఎంఆర్ఐ కోసం దూరం పోకండి. సీటీ ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, పెద్ద కణితి, మెదడులో నీరు చేరడం తెలిసిపోతాయి. పడ్డ రెండు మూడు వారాలకు పుర్రె కింద మెల్లగా చేరిన నెత్తురు కూడా అచ్చం మతిమరుపులాగే ఉంటుంది. దాన్ని తీసేస్తే చాలామంది తేరుకుంటారు.

నెలల తరబడి మెల్లగా ముదురుతున్న మతిమరుపుకు మాత్రం ఎంఆర్ఐ మేలని మా గట్టి అభిప్రాయం. సీటీ నార్మల్ అని వచ్చినంత మాత్రాన నాళాలు బాగున్నట్టు కాదు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్, టావ్ ప్రోటీన్లతో పాటు నాళాల గోడల పాత్ర కూడా ఇప్పుడు బయటపడుతోంది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 2019లో చూపింది ఇదే: మతిమరుపు తొలిదశలోనే, ఆ ప్రోటీన్లు ఉన్నా లేకపోయినా, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో సన్న నాళాల గోడలు కారుతున్నాయి. ఆ కారుడు మామూలు ఎంఆర్ఐలో కనబడదు. కనబడేవి సన్న నాళాలు దెబ్బతిన్నాక మిగిలే తెల్ల మచ్చలు, చిన్న గుంటలు, నెత్తుటి చుక్కలు.

ఆ చుక్కలు సీటీలో అసలు కనిపించవు. ఎంఆర్ఐలోనూ ఎస్‌డబ్ల్యూఐ లేదా జీఆర్ఈ అనే ప్రత్యేక రకం బొమ్మల వరస తీస్తేనే కనిపిస్తాయి. అందుకే చీటీ మీద 'ఎంఆర్ఐ బ్రెయిన్' అని మాత్రమే రాయిస్తే చాలదు. 'ఫ్లెయిర్, ఎస్‌డబ్ల్యూఐ, హిప్పోకాంపస్‌కు అడ్డంగా టీ1' అని డాక్టరు చేత రాయించండి. ఫ్లెయిర్ తెల్ల మచ్చల్ని, టీ1 హిప్పోకాంపస్ కుంచించుకుపోయిందో లేదో చూపే వరసలు. చుక్కలు మెదడు లోతుల్లో ఉంటే ఎక్కువగా బీపీ పని. అంచుల్లోనే ఉంటే నాళాల గోడల్లో అమిలాయిడ్ పేరుకుందేమో చూడాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. అల్జీమర్స్‌లో అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ లాంటి కొత్త మందులకూ అంతే. గోడల్లోంచి అమిలాయిడ్‌ను లాగేటప్పుడు నాళాలు కారి మెదడు వాచొచ్చు. 1,795 మందితో జరిగిన ప్రయోగంలో మందు తీసుకున్నవారిలో 12.6 శాతానికి అలా స్కాన్‌లో వాపు కనిపించింది. నాలుగు కన్నా ఎక్కువ చుక్కలున్నవారిని అసలు చేర్చుకోలేదు.

తెల్ల మచ్చలకు 0 నుంచి 3 దాకా ఫాజెకాస్ గ్రేడు ఇస్తారు. పెద్ద వయసులో 1 మామూలే. 2, 3 అయితే బీపీ, షుగరు, పొగాకు సంగతి గట్టిగా పట్టించుకోవాలి. బీపీ తగ్గిస్తే మెదడుకు మేలా అని చూసిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై బీపీ 120కి లోపు ఉంచాలని చూసినవారికి సుమారు నాలుగేళ్లలో మచ్చలు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 140కి లోపు చాలనుకున్నవారికి 1.45 పెరిగాయి. అయితే 120 లక్ష్యం అందరికీ సరిపడదు, లేచినప్పుడు తూలిపడేవారి విషయంలో డాక్టరే తేల్చాలి.

ఎంఆర్ఐలో ఎక్కువగా చెడేది కదలిక వల్ల. అరగంట పైన పడుతుంది, శబ్దం ఎక్కువ. పెద్దవాళ్లు మధ్యలో లేచిపోతారు. అందుకే ఫ్లెయిర్, ఎస్‌డబ్ల్యూఐ ముందే తీయమనండి, చెవుల్లో దూది పెట్టమనండి. నల్లపూసలు, పిన్నీసులు, కట్టుడు పళ్లు తీసేయాలి. పేస్‌మేకర్, పాత క్లిప్పులు ఉంటే ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఎంఆర్ఐకి పనికిరానిదైతే సీటీయే దిక్కు. ఈ పనికి రంగుమందు సాధారణంగా అక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చేవారిలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి, ఎవరైనా ఎక్కిస్తామంటే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడమనండి.

ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. సరిహద్దు దాటి విశాఖ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఫిల్ములో ఎక్కని ఎస్‌డబ్ల్యూఐ బొమ్మలు సీడీలో దొరుకుతాయి. స్కాన్ ఏదైనా, జ్ఞాపకశక్తి పరీక్ష మాత్రం తెలుగులోనే చేయమనండి. ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వను ఒడియాలో ప్రశ్నలడిగితే, మెదడు బాగున్నా మార్కులు తగ్గుతాయి.