మహబూబ్‌నగర్–కాచిగూడ డబుల్ లైన్: ఐదు మార్కులకు పట్టాలకు నాలుగున్నర, కింది దారికి ఒకటిన్నర

పాలమూరు నుంచి హైదరాబాద్‌కు రైలా, బస్సా అని ఎవరు అడిగినా నేను రైలే అంటాను. నేను ఇక్కడ డిప్లొమా సివిల్ పిల్లలకు సర్వే, రైల్వే ఇంజనీరింగ్ చెప్తాను. అందుకని సీట్లు, ఫ్యాన్లు, బాత్రూమ్‌ల గురించి రెండు ముక్కల్లో ముగించి, మిగతాదంతా పట్టాల గురించి, ఆ పట్టాలను ఎవరు చెక్ చేస్తారన్న దాని గురించి రాస్తున్నాను. ఆ రెండు ముక్కలు ఇవి: సోమవారం పొద్దున నిలబడే వెళ్లాలి, బాత్రూమ్‌లు షాద్‌నగర్ దాటేదాకా ఫర్వాలేదు.

సింగిల్ లైన్ రోజులు గుర్తున్నవాళ్లకే ఈ మార్పు విలువ తెలుస్తుంది. గొల్లపల్లిలోనో రాజాపూర్‌లోనో బండి ఆగేది. 'క్రాసింగ్ పడింది' అని ఎవరో అనేవారు. ఎదురు బండి వెళ్లేదాకా లూప్ లైన్లో కూర్చోవడమే. హైదరాబాద్‌లో ఆస్పత్రి అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ల టెన్షన్ చూడలేకపోయేదాన్ని. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ సుమారు 1,410 కోట్ల రూపాయలతో పూర్తయ్యాయి. 2023 ఏప్రిల్ 8న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. నల్గొండ మీదుగా తిరుపతి వెళ్లే వందే భారత్‌కు జెండా ఊపింది కూడా ఆ రోజే. ఇప్పుడు జడ్చర్ల దాటాక కిటికీలోంచి చూస్తే ఎదురు బండి ఆగకుండా పక్క లైన్లో వెళ్లిపోతుంది. గద్వాల వైపు వెళ్లేవాళ్లకు ఈ సుఖం ఇంకా రావాలి. మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం ఇచ్చింది.

ఇక ప్రయాణం. షాద్‌నగర్, జడ్చర్ల మధ్య వేగం అందుకున్నా బోగీ పక్కకు కొట్టదు. పొడవుగా వెల్డింగ్ చేసిన పట్టాలు కాబట్టి పాత టకటక శబ్దం లేదు. వంపుల్లో కూడా ఒంటి మీద బరువు నెమ్మదిగా మారుతుంది తప్ప కుదుపు రాదు. వంపు ఒకే తీరుగా ఉందో లేదో చూడడానికి 20 మీటర్ల దారాన్ని పట్టా లోపలి అంచుకు ఆనించి, మధ్యలో ఎంత ఖాళీ వచ్చిందో కొలుస్తారు. 1,000 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపుకు అది 50 మిల్లీమీటర్లు రావాలి. ఒకచోట 50, పక్కనే 65 వస్తే అక్కడ బోగీ కొడుతుంది. పర్మిషన్ తీసుకుని పిల్లలను లైన్ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు ఒక కీమన్ (పట్టాలు చూసుకునే రైల్వే కార్మికుడు) వాళ్ల ముందు నాతో చెప్పిన మాట నా క్లాసులో ఇప్పటికీ చెప్తుంటాను: 'మేడమ్, కొలత తప్పితే మొదట నా కాలుకు తెలుస్తది, తర్వాతనే మీ టేపుకు.' రోజూ తన బీటు మొత్తం నడిచే మనిషి ఆయన.

అయితే కీమన్ మంచివాడైనంత మాత్రాన నేను ఈ లైన్‌కు మార్కులు వేయను. కట్టినవాళ్లు కాకుండా వేరొకరు చూసి సంతకం పెట్టాకే ఇక్కడ ప్రయాణికుల బండి నడుస్తుంది. ఎక్కువ మార్కులు అందుకే. 1989 రైల్వే చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే కొత్త లైన్ మీద ప్రయాణికులను తీసుకెళ్లకూడదు. ఆ అనుమతికి ముందు రైల్వే సేఫ్టీ కమిషనర్ స్వయంగా తనిఖీ చేసి రిపోర్టు ఇవ్వాలి. మోటార్ ట్రాలీ మీద మెల్లగా వెళ్తూ వంతెనలు, పాయింట్లు (బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మారే చోట్లు), గేట్లు, ప్లాట్‌ఫారానికి బోగీకి మధ్య దూరం చూస్తారు. తర్వాత స్పీడ్ ట్రయల్. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ కమిషనర్ రైల్వే మంత్రిత్వ శాఖ కింద ఉండరు. పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు చేతిలోంచి తప్పించింది 1941లో. కమిషనర్లు కూడా రైల్వే సర్వీసుల నుంచి వచ్చిన ఇంజనీర్లే, కాబట్టి గోడ పూర్తిగా కట్టినట్టు కాదు. అయినా లైన్ చదవగలిగిన మనిషి, లైన్ తొందరగా తెరవాలన్న ఒత్తిడి తన మీద లేని కుర్చీలో కూర్చోవడం చాలా పెద్ద విషయం. హైదరాబాద్ మెట్రోను ప్రైవేట్ కంపెనీ కట్టినా, 2017లో తెరవడానికి ముందు మెట్రో రైల్ సేఫ్టీ కమిషనర్ తనిఖీ జరిగింది.

మన ప్రాంతానికి ఈ తనిఖీ విలువ వేరే చెప్పక్కర్లేదు. 1956 సెప్టెంబర్‌లో ఇదే లైన్ మీద, జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య రాత్రిపూట వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో అరియలూరు దగ్గర ఇంకో ప్రమాదం జరిగాకే ఆ రాజీనామా ఆమోదం పొందింది. 2005 అక్టోబర్ 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర, ఎగువన చెరువు తెగి వచ్చిన నీళ్లు చిన్న రైలు వంతెనను కొట్టుకుపోయాయి. డెల్టా ప్యాసింజర్ అందులో పడి వందమందికి పైగా పోయారు. ఆ బండి సికింద్రాబాద్‌కు రావలసింది.

ఈ రెండో ప్రమాదాన్ని నేను పిల్లలకు ప్రత్యేకంగా చెప్తాను. పట్టా రైల్వేది, చెరువు రాష్ట్ర ప్రభుత్వానిది. లైన్‌కు ముప్పు తెచ్చే చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది, వానాకాలానికి ముందు రైల్వే ఇంజనీర్లు, ఇరిగేషన్ వాళ్లు కలిసి కట్టలు, అలుగులు చూడాలి. మన దగ్గర ఊరికో చెరువు, దాని కింద ఇంకో చెరువు. పైచెరువు తెగితే ఎంత నీరు వస్తుంది, ఏ కల్వర్టు దగ్గరికి వస్తుంది అన్న లెక్క వేయగలిగిన మనిషి రెండు వైపులా ఉంటేనే ఆ జాయింట్ తనిఖీకి అర్థం. ఒకవైపు ఇంజనీర్, ఇంకోవైపు ఊరికే సంతకం పెట్టే మనిషి ఉంటే ఆ కాగితానికి విలువ లేదు.

ఒకటిన్నర మార్కులు దేనికో ఇప్పుడు చెప్తాను. గేట్లు తీసేసిన చోట పట్టాల కింద దారులు వేశారు. మా వైపు ఒక ఊరి దగ్గర అలాంటి అండర్ బ్రిడ్జి ఉంది. గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్లు. బైకులు ఆగిపోతాయి, ట్రాక్టర్లు మాత్రం దాటుతాయి, బడి పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని పైన పట్టాలు దాటుతారు. గేటు తీసేసింది ఏ ప్రమాదం లేకుండా చేయడానికో ఆ ప్రమాదమే తిరిగి వచ్చింది. పట్టాల కింద పెట్టిన కాంక్రీటు బాక్సు బాగుంది. బాక్స్ పుషింగ్, అంటే దాన్ని పట్టాల కిందికి నెట్టి కూర్చోబెట్టడం, శుభ్రంగా చేశారు, జాయింట్లలో నీటి చెమ్మ కూడా లేదు. తప్పు అప్రోచ్‌లో, అంటే బాక్సులోకి దిగే రోడ్డులో ఉంది. దిగుడు మొదలయ్యే చోట రోడ్డును కొంచెం ఎత్తు చేసి చేలల్లోని నీరు లోపలికి రాకుండా ఆపాలి. పై అంచున కాలువ తీయాలి. అట్టడుగున నీరు చేరే గుంత, పంపు, ఆ నీరు పోవడానికి దారి ఉండాలి. అక్కడ గుంత ఉంది, నీరు పోయే దారి లేదు. సాధారణంగా బాక్సు రైల్వే వేస్తుంది, రోడ్డు, తర్వాతి నిర్వహణ రాష్ట్రం వైపు వస్తాయి. ఆ రెండు పనులు కలిసేచోటే నీళ్లు నిలుస్తున్నాయి.

రైలు పట్టాకు ఉన్న కమిషనర్ లాంటి మనిషి ఆ అప్రోచ్ రోడ్డుకు లేడు. డీపీఆర్ (పని మొత్తం వివరాల రిపోర్టు) కన్సల్టెంట్ రాస్తాడు, డ్రాయింగ్ ఇంకో కన్సల్టెంట్ ఇస్తాడు, క్వాలిటీ థర్డ్ పార్టీ చూస్తుంది, ఎంబీలో (పని కొలతలు రాసే పుస్తకంలో) సంతకం మాత్రం ఏఈది (అసిస్టెంట్ ఇంజనీర్‌ది). జాతీయ రహదారుల్లో టోల్ ఒప్పందాల కింద చేసే పనులకు ఇండిపెండెంట్ ఇంజనీర్ పేరుతో కన్సల్టెన్సీ కంపెనీని పెడతారు. నా దగ్గర చదివి ఏఈలైన పిల్లలు ఉన్నారు. తెలివైనవాళ్లు, నిజాయితీపరులు. వాళ్లకు మండలాల కొద్దీ పనులు అప్పగించి, డ్రాయింగ్ చెక్ చేయడానికి ఒక్క పూట కూడా ఇవ్వకపోతే, అడ్డంగా గీత పెట్టి 'ఈ నీరు ఎక్కడికి పోతుంది?' అని అడిగే అవకాశమే ఉండదు. ఆ ప్రశ్న అడగగలిగిన ఇంజనీర్‌ను జీతమిచ్చి ప్రభుత్వమే పెట్టుకోవాలి, టైమివ్వాలి, అతను వద్దన్నప్పుడు ఆగాలి. కన్సల్టెంట్ ఉంటే మంచిదే, కానీ కన్సల్టెంట్ చెప్పింది సరైనదో కాదో తెలుసుకునే బుర్ర మన వైపు ఉండాలి.

ప్రయాణికులకు నా సలహా: పొద్దున వెళ్లేవాళ్లు మహబూబ్‌నగర్‌లోనే ఎక్కండి, జడ్చర్లలో సీటు దొరకదు. ఊళ్లవాళ్లకు నా సలహా: మీ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే ఫొటోతో పాటు ఆ రోజు నీటి లోతు, ఎన్ని గంటలు నిలిచిందో రాసి రైల్వే డివిజనల్ ఆఫీసుకు, ఆర్‌ అండ్ బీకి ఇద్దరికీ ఒకే కాగితం ఇవ్వండి. చెరువుల జాబితాలాగే అండర్ బ్రిడ్జిల జాబితా ఒకటి పెట్టి, మే నెలలో రెండు శాఖలు కలిసి తనిఖీ చేసి, ఆ రిపోర్టు స్టేషన్ నోటీస్ బోర్డు మీద అంటించిన రోజు ఒకటిన్నరను మూడు చేస్తాను.