పాత కమ్మిన్స్ డాడ్జ్‌కి ఏ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మేలు?

1989లో అమెరికా కంపెనీ డాడ్జ్ తన పికప్‌కి 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజిన్ పెట్టినప్పుడు, దానికి జోడీగా ఇచ్చిన ఆటోమేటిక్ 727. క్రైస్లర్ కంపెనీ 1962 నుంచి వాడుతున్న మూడు గేర్ల పెట్టె అది. గట్టిదే, కానీ ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కన్నా బయటి షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు) లేదు, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టర్‌కి లాకప్ (జారకుండా బిగించే క్లచ్) లేదు. హైవే మీద 65 మైళ్ల స్పీడులో ఇంజిన్ 2,150 ఆర్‌పీఎం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఈ ఇంజిన్ లాగుడు బలమేమో 1,700 దగ్గరే ఉంది. ఆపైన మిగిలేది మోత, డీజిల్ ఖర్చు.

మా బావ టెక్సాస్‌లో 1990 నాటి టూ వీల్ డ్రైవ్ బండి నడుపుతాడు. "ఎలాగూ గేర్‌బాక్స్ దింపుతున్నాం కదా, ఆలిసన్ కంపెనీ పెట్టె వేసేద్దాం" అన్నాడు. "బావా, ముందు వెనక క్రౌన్ లెక్క చూడు" అన్నాను.

చాలామంది పట్టించుకోని లెక్క ఇదే. మూడు గేర్ల ఆటోమేటిక్ బండ్లకి వెనక యాక్సిల్‌లో 3.07 క్రౌన్ వచ్చేది, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.07 సార్లు తిరగాలి. దాని మీద 0.69 ఓవర్‌డ్రైవ్ ఉన్న పెట్టె వేస్తే, 65 మైళ్ల దగ్గర ఇంజిన్ 1,500కి పడిపోతుంది. ఖాళీ బండి అయితే సరే. వెనక ట్రైలర్ ఉండి, చిన్న ఎత్తు వచ్చినా ఇంజిన్ ముక్కుతుంది. 1991లో డాడ్జ్ వాళ్లే నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఇచ్చినప్పుడు క్రౌన్‌ని 3.54కి మార్చారు. అప్పుడు అదే స్పీడుకి 1,700 వస్తుంది. అంటే గేర్‌బాక్స్ ఖర్చుతో పాటు క్రౌన్ పినియన్ ఖర్చూ రాసుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్‌కి కూడా.

ఇక పెట్టెల సంగతి. 1994, 95 డాడ్జ్‌లలో వచ్చిన 47ఆర్‌హెచ్ నాకు అన్నిటికన్నా నచ్చింది. నాలుగు గేర్లు, లాకప్ ఉన్నాయి. గేర్లు మార్చే పని ఆయిల్ ప్రెషర్‌తోనే జరిగిపోతుంది, కంప్యూటర్ అక్కర్లేదు. ఓవర్‌డ్రైవ్‌కి ఒక స్విచ్, లాకప్‌కి ఒక స్విచ్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకుంటే చాలు. లాకప్ వేసి ఉంచి బ్రేక్ కొట్టి ఆగితే మాత్రం ఇంజిన్ ఆగిపోతుంది, క్లచ్ తొక్కకుండా ఆపినట్టే. పెట్టె 727 కన్నా పొడుగు కాబట్టి కింద దాన్ని మోసే క్రాస్ మెంబర్ (అడ్డ కమ్మీ) జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాలి. ఆక్సిలరేటర్ ఎంత తొక్కారో పెట్టెకి తెలిపే థ్రాటిల్ కేబుల్ సెట్టింగ్ మాత్రం చూసీచూడనట్టు వదిలేయకూడదు. అది వదులుగా ఉంటే లోపల ప్రెషర్ తగ్గి, గేర్లు మెత్తగా, తొందరగా పడతాయి. నడిపేవాడికి సుఖంగానే ఉంటుంది, లోపల క్లచ్ ప్లేట్లు కాలిపోతుంటాయి.

తర్వాత వచ్చిన 47ఆర్‌ఈ, 48ఆర్‌ఈలలో గవర్నర్ ప్రెషర్ (బండి స్పీడుని బట్టి గేర్లు మార్పించే ఆయిల్ ప్రెషర్) ఎలక్ట్రానిక్. పాత బండికి వాటిని పెట్టాలంటే విడిగా కంట్రోలర్ (చిన్న కంప్యూటర్) కావాలి. 48ఆర్‌ఈ బలం కావాలనుకుంటే దాని లోపలి భాగాలు 47ఆర్‌హెచ్‌లో వేయించుకోవడం మేలు, తెలిసిన మెకానిక్‌లు చేసే పనే అది.

ఆలిసన్ 1000 మంచి పెట్టె, కాదనను. 2001లో జనరల్ మోటర్స్ పికప్‌లలో ఐదు గేర్లతో వచ్చింది, 2006 నుంచి ఆరు. మొదటి గేరు 3.10, మన పాత పెట్టెలో 2.45. లోడుతో కదిలేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ కమ్మిన్స్‌కి బిగించడానికి అడాప్టర్, గేర్లు మార్చడానికి కంట్రోలర్, సెన్సర్లు, వైరింగ్, బరువుకి తగ్గ మౌంట్లు అన్నీ కొనాలి. 160 హార్స్‌పవర్ ఇంజిన్‌కి ఇంత హంగామా ఎందుకు? ఇంజిన్‌ని రెండు మూడింతలు పెంచేవాళ్ల మాట వేరు.

బావకి నేను చెప్పింది ఇవేవీ కాదు. ఆయన బండి ఎక్కువగా ఖాళీగానే తిరుగుతుంది, 727 ఇంకా బాగానే ఉంది. దాన్ని అలాగే ఉంచి, వెనక గేర్ వెండర్స్ కంపెనీ విడి ఓవర్‌డ్రైవ్ తగిలిస్తే సరి. దాని రేషియో 0.78. 3.07 క్రౌన్ మార్చకుండానే 65 మైళ్లకి 1,680 దగ్గర కూర్చుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించక తప్పదు. లాకప్ రాదు కాబట్టి ఎండల్లో బరువైన ట్రైలర్ లాగితే కన్వర్టర్ వేడెక్కే బాధ పోదు. నెలనెలా ట్రైలర్ లాగే మనిషైతే 47ఆర్‌హెచ్, 3.54 క్రౌన్ కలిపి వేయించుకోమనేవాణ్ణి.

కొత్త పెట్టె ఏది వేసినా పాత ఆయిల్ కూలర్‌ని మాత్రం నమ్మకండి. కాలిన ప్లేట్ల పొడి అందులో పేరుకుని ఉంటుంది, మొదటి రోజే కొత్త పెట్టెలోకి వచ్చేస్తుంది. కూలర్ మార్చండి, పైపులు కడిగించండి. 727 అయినా 47ఆర్‌హెచ్ అయినా ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు బండి సమతలంగా ఉండాలి, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. పార్క్‌లో చూస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది.