ఎమ్మారైలో ఇంప్లాంట్ వేడి: జెల్ తొట్టి మేలా, కంప్యూటర్ లెక్క మేలా?

కాల్లో రాడ్డు ఉన్నవాళ్లకు డాక్టరు ఎమ్మారై రాస్తే ఇంట్లో మొదట మొదలయ్యే టెన్షన్ "అయస్కాంతం లాగేస్తుందేమో" అని. టైటానియం రాడ్డును అది లాగదు. చూడాల్సింది వేడి సంగతి. స్కానర్ వదిలే రేడియో తరంగాలను లోహం యాంటెన్నాలా పట్టుకుని, కొసల దగ్గరి కండను వేడెక్కిస్తుంది. ఎంత వేడెక్కుతుందో మనిషిని పడుకోబెట్టి పరీక్షించలేం కదా.

అందుకే జెల్ తొట్టి. లీటరు నీళ్లకు 1.32 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల పాలీయాక్రిలిక్ ఆమ్లం పొడి కలిపితే గంజిలా చిక్కబడుతుంది. ఆ చిక్కదనం ముఖ్యం. పలచగా ఉంటే వేడెక్కిన నీరు పైకి తేలిపోయి కొలత తక్కువ చూపిస్తుంది. ఇంప్లాంటును అందులో ముంచి, కొసకు ఆప్టికల్ ఫైబర్ ప్రోబ్ ఆనించి, దాదాపు పావుగంట తరంగాలు పంపుతారు. లోహపు ప్రోబ్ పెడితే అదే వేడెక్కి కూర్చుంటుంది. ప్రోబ్ కాస్త పక్కకు జరిగినా అంకె మారిపోతుంది, అదొక తలనొప్పి.

అసలు చిక్కు వేరే ఉంది. ఎముక ప్లేటు ఒకటే అయినా పొడవులు, స్క్రూల అమరికలు కలిపితే వందల రకాలు. పొడవైనదే ఎక్కువ వేడెక్కుతుందని అనుకుంటాం. కానీ 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత) మెషీన్‌లో తరంగం 64 మెగాహెర్ట్జ్. తడి కండరంలో సగం తరంగదైర్ఘ్యం పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ పొడవుకు దగ్గరగా ఉన్న లోహానికే గండం. 3 టెస్లాలో ఆ పొడవు సగానికి పడిపోతుంది. కాబట్టి పెద్ద మెషీన్‌లోనే పెద్ద ప్రమాదం అనుకోలేం.

ఇన్ని రకాలను ఒక్కొక్కటిగా తొట్టిలో ముంచలేం కాబట్టి, ఇక్కడ శరీరం నమూనాలో ఇంప్లాంటును పెట్టి వేడిని లెక్కగట్టే కంప్యూటరే గెలుస్తుంది. జ్యూరిచ్‌లోని ఐటీఐఎస్ ఫౌండేషన్ వాళ్ల డ్యూక్, ఎల్లా లాంటి మనిషి శరీరపు కంప్యూటర్ నమూనాలను నిజమైన వాలంటీర్ల ఎమ్మారై స్కాన్ల నుంచే తయారుచేశారు. కొవ్వు, కండ, ఎముక దేనికది విడిగా ఉంటాయి. తొట్టిలో లేని రక్తప్రసరణను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

ప్లేట్లు, రాడ్లకు నా ఓటు కంప్యూటర్‌కే, ఒక షరతు మీద: అది పట్టిచ్చిన అతి చెడ్డ రకాన్ని జెల్‌లో ముంచి కొలవాలి. ఆ కొలత లేని సిమ్యులేషన్ రిపోర్టును నేను నమ్మను. ఒకే సైజు, ఒకే ఆకారం ఉన్న వస్తువైతే తొట్టి ఒక్కటే చాలు.

పేస్‌మేకర్ దగ్గర ఈ పోటీయే కుదరదు. దాని వైరు లోపల వెంట్రుకలాంటి తీగల చుట్ట. మొత్తం శరీరంతో పాటు అంత సన్నటి చుట్టను గడులుగా విడగొట్టి లెక్కించడం కంప్యూటర్‌కు తలకు మించిన భారం. అందుకని వైరు స్వభావాన్ని ముందు విడిగా తేల్చి, జెల్‌లో సరిచూసి, తర్వాత శరీరంలో అది పోగల దారులన్నిటికీ లెక్క కడతారు.

ఇంత చేసి పేషెంటుకిచ్చే ఇంప్లాంట్ కార్డు మీద "ఎమ్మార్ కండిషనల్" (షరతుల మీద ఎమ్మారై చేయొచ్చు) అని రాసినా, అది పరీక్షించిన పేస్‌మేకర్ పెట్టె, వైరు జతకే వర్తిస్తుంది. పెట్టె మార్చి పాత వైరును లోపలే వదిలేసినవాళ్లకు ఆ కార్డు మామూలుగా చెల్లదు. స్కాన్‌కు వెళ్లినప్పుడు కార్డుతో పాటు ఆ పాత వైరు సంగతి కూడా టెక్నీషియన్‌కు చెప్పండి.