డిప్లొమా తర్వాత ఏది మేలు: రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్కా, స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్పా?

పాలిటెక్నిక్ ఆఖరి సెమిస్టర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఎక్కువగా అడిగేది ఇదే. ఈసెట్ రాసి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బీటెక్ రెండో సంవత్సరంలో చేరాలా, లేక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తూ నెలనెలా స్టైపెండ్ తీసుకోవాలా అని. రెండింట్లోనూ ఉన్నది సర్కారు సాయమే. కానీ చాలామంది ఎంత వస్తుందో మాత్రమే చూసి నిర్ణయం తీసేసుకుంటున్నారు, ఆ డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నది అడగడం లేదు. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే.

అంకెలు చూద్దాం. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో రీయింబర్స్‌మెంట్ మామూలుగా ఏడాదికి 35,000, అంటే మూడేళ్లకు 1,05,000. ఎస్సీ, ఎస్టీలకైతే మొత్తం ఫీజు వస్తుంది కాబట్టి వాళ్ల లెక్క వేరు. ఇటు అప్రెంటిస్‌షిప్‌లో, 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిప్లొమా వాళ్లకు నెలకు కనీసం 8,000 ఇవ్వాలి, నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పథకం కింద అందులో సగం కేంద్రం భరిస్తుంది. ఏడాదికి 96,000. (ఈ స్టైపెండ్‌లను 36 శాతం పెంచాలని 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది, కాబట్టి చేరేటప్పుడు కాంట్రాక్టులో ఎంత రాశారో చూసుకోండి.) పైపైన చూస్తే రెండూ దాదాపు సమానం. కానీ ఆ లక్షా అయిదు వేలు మీరు కళ్లతో చూడరు, అది కాలేజీకి పోతుంది, ఫీజు 90,000 ఉన్న కాలేజీ అయితే మిగతా 55,000 ప్రతి ఏడాదీ ఇంట్లోంచి తేవాల్సిందే.

అది కూడా సమయానికి వస్తే. ఈపాస్ అనే స్కాలర్‌షిప్ వెబ్‌సైటులో అప్లికేషన్ పెడతాం, ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరుగుతాం, కాలేజీ వెరిఫై చేస్తుంది, బయోమెట్రిక్ వేస్తాం, 75 శాతం హాజరు చూపిస్తాం, ఫైలు జిల్లా సంక్షేమ అధికారి దాటి ట్రెజరీకి వెళ్తుంది, అక్కడ బిల్లుకు టోకెన్ నంబరు పడుతుంది, ఇక అంతే, స్టేటస్ పేజీ ఎన్నిసార్లు తెరిచినా అదే లైను కనిపిస్తుంది. బకాయిలు ఎంత పేరుకుపోయాయంటే 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఆంధ్రలో కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, అప్పుడు కూడా విడత ఆలస్యమైతే కాలేజీ అడిగింది తల్లినే. ప్రభుత్వం ఏదైనా, చివరికి నలిగేది విద్యార్థి.

ఎలా నలుగుతారో చెప్తాను. నాకు తెలిసిన ఒక అమ్మాయి బీటెక్ పూర్తి చేసి ఉద్యోగం తెచ్చుకుంది, కంపెనీ ఒరిజినల్స్ అడిగింది, కాలేజీ ఏమో రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు కాబట్టి ఆ మొత్తం కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమంది. వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెట్టింది. సర్కారు డబ్బు పడ్డాక తిరిగి ఇస్తామన్నారు, ఆ తిరిగి ఇవ్వడం కోసం మళ్లీ ఆఫీసు గుమ్మం ఎన్నిసార్లు తొక్కారో. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని చేరేవాళ్లు, ఒకవేళ ఆఖర్లో ఆ డబ్బు రాకపోతే తాత్కాలికంగా ఎక్కడి నుంచి తెస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

అలాగని అప్రెంటిస్‌షిప్‌లో అన్నీ బాగుంటాయని కాదు. ఎనిమిది వేలతో వేరే ఊర్లో ఉండటం కష్టం, పటాన్‌చెరు వైపో గాజువాక వైపో హాస్టల్‌లో ఉంటే ఐదారు వేలు దానికే పోతాయి. క్యాంటీను, బస్సు ఇచ్చే కంపెనీ అయితే నెట్టుకు రావచ్చు, ఇవ్వకపోతే ఇంటి నుంచే తెప్పించుకోవాలి. చట్టం ప్రకారం మీరు కార్మికులు కాదు, ట్రైనీలు. పీఎఫ్ ఉండదు, ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కూడా కంపెనీకి లేదు. కేంద్రం వాటా నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది, కానీ ఖాతాకు ఆధార్ సీడింగ్ లేకపోతే ఆ సగం ఆగిపోతుంది, కాబట్టి చేరే ముందే బ్యాంకుకెళ్లి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (సర్కారు డబ్బు ఆ ఖాతాలోనే పడేలా ఆధార్‌తో కలపడం) చేయించుకోండి. ఇంకోటి, బీహెచ్ఈఎల్‌లోనో ఈసీఐఎల్‌లోనో ఏడాది చేసినవాడు నేర్చుకునేదీ, పార్టులు మోయించి పంపే చిన్న షెడ్డులో చేసినవాడు నేర్చుకునేదీ ఒకటి కాదు. సర్టిఫికెట్ మాత్రం ఇద్దరికీ ఒకేలా వస్తుంది.

ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది, తేదీలు. "ముందు ఏడాది అప్రెంటిస్ చేసి, తర్వాత ఈసెట్ రాస్తాలే" అని చాలామంది అంటారు, నేనూ కొందరికి అదే చెప్తాను. కానీ కంపెనీ అక్టోబరులో తీసుకుంటే మీ కాంట్రాక్టు మళ్లీ అక్టోబరుకు గానీ అవదు, ఈలోగా ఈసెట్ కౌన్సెలింగ్, సీట్లు, క్లాసులు అన్నీ అయిపోతాయి. అప్పుడు మధ్యలో వదిలేసి సర్టిఫికెట్ పోగొట్టుకోవాలి, లేదా ఇంకో ఏడాది ఆగాలి. అలా అనుకునేవాళ్లు రిజల్ట్ రాగానే, జూన్, జులైల్లోనే చేరే చోటు వెతుక్కోవాలి. నాట్స్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ దానికోసం ముందే పూర్తి చేసి పెట్టుకోవాలి.

పీఎం ఇంటర్న్‌షిప్ గురించి కూడా అడుగుతున్నారు. 2024 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 అన్నారు. కానీ అప్పుడు వయసు 21 నుంచి 24 అని పెట్టారు, డిప్లొమా అయ్యేసరికి మన పిల్లలకు పద్దెనిమిదో పంతొమ్మిదో, కాబట్టి ఆ నిబంధనతో అయితే అది మీ లెక్కలోకి రాదు. పైగా నాట్స్ చేసినవాళ్లను అందులో తీసుకోరు.

నన్నడిగితే, కన్వీనర్ కోటాలో, అంటే ఈసెట్ కౌన్సెలింగ్‌లో, ప్రభుత్వ లేదా యూనివర్సిటీ కాలేజీలో సీటు వస్తే కళ్లు మూసుకుని బీటెక్‌లో చేరండి, ఫీజు తక్కువ, బకాయి పడినా భరించగలరు. ఎస్సీ, ఎస్టీ పిల్లలు కూడా మంచి కాలేజీ వస్తే వదులుకోవద్దు, సర్టిఫికెట్ల సంగతి మాత్రం ముందే సీనియర్లను అడగండి. ఆడపిల్లలు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌కు తప్పకుండా పెట్టుకోవాలి, ఇంటి ఆదాయం 8 లక్షలలోపు ఉంటే ఏడాదికి 50,000, లాటరల్ ఎంట్రీ వాళ్లకూ, అంటే నేరుగా రెండో సంవత్సరంలో చేరేవాళ్లకూ, ఉంది. అదే మేనేజ్‌మెంట్ సీటో, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలి స్పాట్‌లో దొరికిన సీటో అయితే రీయింబర్స్‌మెంటే రాదు, అలాంటి దానికోసం అప్పు చేయకండి. ప్లేస్‌మెంట్లు లేని ప్రైవేటు కాలేజీకి ఏటా యాభై వేలు చేతి నుంచి కట్టే పరిస్థితి ఉన్నా అంతే, ఏడాది అప్రెంటిస్ మేలు. రైల్వే జేఈ (జూనియర్ ఇంజినీర్), ఎస్ఎస్‌సీ జేఈ, రాష్ట్రంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకు డిప్లొమా చాలు, సాయంత్రాలు వాటికి చదువుకోవచ్చు. ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) కావాలంటే మాత్రం బీటెక్ తప్పదు.

ఇంట్లో తమ్ముడో చెల్లో ఐటీఐ చేస్తుంటే వాళ్లకు అప్రెంటిస్‌షిప్ విలువ ఇంకా ఎక్కువ. దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్ వచ్చినప్పుడు పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కులతోనే మెరిట్ తీస్తారు, రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (మొదటి స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. డిప్లొమా వాళ్లకు ఆ సౌకర్యం లేదు, ఈ రెండూ కలిపేసుకుని పొరబడకండి.